ఆయా కోసం నేను తయారుచేసిన పట్టిక

తొంభైల మొదట్లో నేను గల్ఫ్‌లో, రుసైల్ అనే చోట ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ టెక్నీషియన్ని. అల్ మవాలేలో అక్కా బావల ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. వాళ్ల కూతురికి ఏడేళ్లు. పుట్టుకతోనే కుడిచెయ్యి, కుడికాలు బిగుసుకుపోయి ఉండేవి. మాట నెమ్మది. బుర్ర నెమ్మది కాదు. ఈ తేడా, అక్కడ మన దేశంవాళ్లు నడిపే దాని స్కూలు కమిటీకి ఎప్పటికీ అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సిన అవసరం వాళ్లకి కనపడలేదు.

రెండో తరగతి మొదలైన నెలకి క్లాస్ టీచరు అక్కని పిలిపించింది. అంతమంది పిల్లల్లో దీన్ని చూసుకోవడం తన వల్ల కాదని, పక్కన ఒక ఆయా ఉంటేనే కుదురుతుందని చెప్పింది. జీతం నేనిస్తానన్నాడు బావ. స్కూల్లో పనిచేసే మనిషికి వీసా స్కూలే ఇవ్వాలి, ప్రైవేటుగా పెట్టడం కుదరదన్నారు ఆఫీసులో. అంటే కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అక్క పిల్లని తీసుకుని హైదరాబాద్ వెళ్లిపోవాలి, బావ ఇక్కడ ఒక్కడే ఉండాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఫ్యాక్టరీలో ఒక మెషీన్‌కి అదనంగా మనిషి కావాలని నోటితో అడిగితే ఎవడూ వినడు. రెండు వారాలు లాగ్ రాయాలి. మెషీన్ ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎవరు చెయ్యేశారు. అలా రాసే నేను మా లైన్‌కి ఒక హెల్పర్ని సాధించాను. మేనేజరు కాగితం చూసి మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. కమిటీ కూడా అలాగే పెడుతుందనుకున్నాను.

టీచరు ఒప్పుకుంటే అక్క వారం రోజులు క్లాసు బయట వరండాలో కూర్చుంది. పిల్లకి సాయం కావాల్సి వచ్చిన ప్రతిసారీ పాత డైరీలో రాసింది. దాన్ని నేను డ్రాయింగ్ పెన్నుతో సాఫు చేశాను. మొత్తం పద్నాలుగు పనులు. ఒక్కొక్కదానికీ ఎదురుగా రోజుకెన్నిసార్లు, ఎన్ని నిమిషాలు.

అక్క భుజం మీదుగా తొంగి చూసింది. "దారిలో కార్ల నంబర్లన్నీ టకటకా కూడి చెప్తుంది కదరా, అది రాయవేం?"

"అది డౌన్‌టైమ్ కాదక్కా, పని ఆగిన లెక్కలోకి రాదు. అది రాస్తే ఇక మనిషెందుకు అంటారు."

"నీ చదువు నాకర్థం కాదు," అంది.

కమిటీ శుక్రవారం, అక్కడి సెలవురోజు, పొద్దున స్కూల్లో కూర్చుంది. కమిటీ అంటే ఎక్కడి నుంచో దిగినవాళ్లు కాదు, మాలాంటి ఉద్యోగస్తులే, పిల్లల తండ్రులే. ఛైర్మన్ తెలుగువాడు, మనవాడే, ఒక ట్రేడింగ్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. మనవాడైతే మనమాట వింటాడని బావ ఆశపడ్డాడు.

ఆయన పట్టిక తిరగేశాడు. "ఇంజినీరువా బాబూ?"

"టెక్నీషియన్నండి."

"భేష్. మా టీచర్లు కూడా ఇంత క్లియర్‌గా రాయలేదు."

నాకు గర్వంగా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆయన పద్నాలుగూ పైకి చదివాడు. టిఫిన్ మూత తీయలేదు. బస్సు మెట్లు ఒక్కతే దిగలేదు. బోర్డు మీదున్నది పూర్తిగా ఎక్కించుకోలేదు. అన్నీ అయ్యాక కళ్లద్దాలు తీసి అక్క వైపు తిరిగాడు. "ఇలాంటి పిల్లని మామూలు స్కూల్లో ఉంచడం పిల్లకే అన్యాయం కదమ్మా? ఇది మేమన్న మాట కాదు. మీ తమ్ముడే రాశాడు."

"లెక్కలు అడగండి సార్. బయటే కూర్చుంది, పిలుస్తాను. ఇప్పుడే అడగండి."

"అదిందులో లేదు కదమ్మా."

బావ గొంతు సవరించుకున్నాడు. "మరి ఆయా సంగతి సార్?"

"ఇలాంటి పిల్లలకి మనుషుల్ని ఇక్కడి ప్రభుత్వం ఇక్కడి బళ్లకిస్తుంది. మన ప్రభుత్వం మన దేశంలో బళ్లకిస్తుంది. మధ్యలో మనకెవరిస్తారండీ? మీ ఒక్కరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరొస్తారు."

నేను లేచాను. "అది ఆయాని ఇవ్వమని రాసిందండీ, పిల్లని పంపెయ్యమని కాదు. నా కాగితం నాకిచ్చెయ్యండి."

"కమిటీకిచ్చిన కాగితం ఫైల్లోకి పోతుంది బాబూ. మీ ఫ్యాక్టరీలో అడిగితే తిరిగిస్తారా?" ఇద్దరు నవ్వారు. తర్వాత యాన్యువల్ డేకి కొత్త స్టేజి తెర సంగతి వచ్చింది. మేమింకా తలుపు దాటకముందే అందరూ తెరకి సరేనంటూ చేతులెత్తారు.

ఇంటికొచ్చాక బావ, "వాడు మంచికే చేశాడే," అన్నాడు.

"ఆగిపోయిన మెషీన్ని రాసినట్టు రాశాడు," అంది అక్క నా వైపు చూడకుండా. "వాళ్లు స్క్రాప్‌లో వేశారు. వాళ్లనేం అంటాం?"

టర్మ్ చివర్లో అక్కా పిల్లా వెళ్లిపోయారు. ఎయిర్‌పోర్టుకి నేను దింపుతానన్నాను. "మీ బావ ఉన్నాడుగా," అంది.

ఆ ఛైర్మన్ ఆ తర్వాత ఒక గురువారం సూపర్‌మార్కెట్‌లో ఎదురుపడ్డాడు. పొంగిపోతూ నవ్వాడు. "పాప ఎలా ఉందయ్యా? అక్కడ మంచి స్పెషల్ స్కూలు దొరికిందటగా. చూశావా, మేం చెప్పిందే మేలయింది!"

"ట్రాలీ తీయండి," అన్నాను. "దారికి అడ్డంగా ఉంది."