పెద్దమ్మ వేయించిన బెంచీ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అంది. అక్క అంటే పెద్దమ్మ కూతురు. ఫోన్‌లోనే ఇద్దరం ఏడ్చాం. తర్వాత అక్కే అంది: "నిన్న సాయంత్రం కూడా వాకింగ్‌కి వెళ్ళింది. ఎవరో కుర్రాడు పూలమొక్కల్లోంచి సైకిల్ తొక్కుతున్నాడని వాడికి క్లాసు పీకి మరీ వచ్చింది." ఏడుస్తున్నదాన్నల్లా నవ్వాను. ఎనభై దాటిన మనిషి చివరి సాయంత్రం పార్కులో ఒకడికి క్లాసు పీకి, ఇంటికొచ్చి పెరుగన్నం తిని, నిద్రలో వెళ్ళిపోయింది. తనకి తనే ఏర్పాటు చేసుకున్నా ఇంతకన్నా బాగా కుదిరేది కాదు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. డాక్టరు. న్యూజెర్సీలో పిస్కాటవేకి పక్కనున్న మా చిన్న ఊళ్ళో ఆవిణ్ణి ఎరగని తెలుగువాళ్ళు లేరు. ఆవిడ వైద్యం గురించి ఆవిడ పేషెంట్లు చెప్పాలి. నేను రాయగలిగింది పార్కుల గురించి.

మా వాళ్ళు అమెరికాకి నేరుగా రాలేదు. పెద్దమ్మ ముందు ఇంగ్లండ్ వెళ్ళింది, ఉత్తరాన ఒక నూలు మిల్లుల ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగానికి. తర్వాత మా నాన్న కూడా అక్కడే చేరాడు. నేను అక్కడే పుట్టాను. ఒకదాన్నొకటి ఆనుకుని ఎర్ర ఇటుకల ఇళ్ళు, ఇంటికో పొగగొట్టం, పెరడంటే చాప పరిచినంత సిమెంటు నేల. పిల్లలు ఆడుకోవాలంటే పార్కు తప్ప గతిలేదు.

ఆ పార్కు కథంతా పెద్దమ్మకి ఎదురింటి ముసలావిడ చెప్పింది. ఆవిడ చిన్నప్పుడు మిల్లులో పనిచేసిందట. పొగలో, దూదిలో బతికే జనానికి ఊపిరాడాలని ఒక మిల్లు యజమాని ఆ స్థలం ఊరికి ఇచ్చేశాడట. ఇచ్చినవాడు ఊరుకోలేదు, సవాలక్ష రూల్స్ కూడా ఇచ్చాడు. ఆదివారం దేవుడి రోజు కాబట్టి పిల్లలు ఆడకూడదని ఉయ్యాలలకి గొలుసులేసి తాళం పెట్టేవారట. మా కాలానికి ఆ గొలుసులు పోయాయి, రూల్స్ మాత్రం మిగిలాయి. గడ్డి తొక్కకూడదు. బాతులకి రొట్టెముక్కలు వేయొచ్చు, రాళ్ళు వేయకూడదు. చీకటి పడేముందు పార్కు కీపర్ గంట కొట్టుకుంటూ వస్తే, ఎక్కడివాళ్ళక్కడ బయటికి నడవాలి. చుట్టూ ఉన్న పిట్టగోడ మీద వేలెడు పొడుగున ఇనప మొండేలు వరసగా ఉండేవి. యుద్ధంలో ఇనుము కావాలని పైన ఉన్న ఊచలన్నీ కోసుకుపోయారట. నడుస్తూ ఆ మొండేలమీద చెయ్యి రాసుకుంటూ పోవడం నాకూ అక్కకీ పెద్ద ఆట. ఉన్ని గ్లవుజులు చిరిగిపోయేవి. మా అమ్మ తిట్టేది, పెద్దమ్మేమో "చరిత్రని తాకుతున్నారే, తాకనీ" అనేది.

ఆ పార్కులో బెంచీలకి చిన్న ఇత్తడి రేకులుండేవి. ఈ పార్కంటే ప్రాణంగా ఉండిన ఫలానా ఆవిడ జ్ఞాపకార్థం అనో, రోజూ ఇక్కడే కూర్చున్న మా నాన్న జ్ఞాపకార్థం అనో వాటిమీద చెక్కి ఉండేది. పెద్దమ్మ ఆ రేకు చదవనిదే కూర్చునేది కాదు. చదివి, తెలుగులో, పైకే, "అమ్మా, కాస్త కూర్చుంటాం" అనేది. మగాళ్ళ బెంచీ అయితే "అయ్యా, కాస్త కూర్చుంటాం" అనేది. మేమూ అనాల్సిందే. వర్షంలో తడుస్తున్నా సరే, చదివి, అడిగి, అప్పుడు కూర్చోవాలి.

ఈ అలవాటు ఎలా వచ్చిందో నాకు చాలా పెద్దయ్యాక చెప్పింది. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పోయిన సంగతి ఆవిడకి తెలిసేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. టెలిగ్రాం చేతిలో పట్టుకుని ఇంట్లో ఉండలేక పార్కుకి వెళ్ళి, కనబడ్డ బెంచీ మీద కూలబడింది. ఎదురింటి ముసలావిడ వచ్చి పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా, బెంచీ మీద పేరు చూపించి, "ఈవిడ నాకు తెలుసు. నువ్వు కూర్చున్నావని సంతోషిస్తుంది" అందట. "ఆ రోజు ముక్కూ మొహం తెలియని మనిషి నాకు కూర్చోడానికి చోటిచ్చిందే. అడక్కుండా ఎలా కూర్చోను?" అంది పెద్దమ్మ.

డెబ్బైల చివర్లో పెద్దమ్మ న్యూజెర్సీ వచ్చేసి, కొన్నాళ్ళకి మమ్మల్నీ లాగేసింది. మేం వచ్చిన ఏడాది ఎండాకాలంలో తెలుగువాళ్ళందరికీ ఒక పార్కులో పిక్నిక్ పెట్టారు. పులిహోర, పెరుగన్నం అల్యూమినియం ట్రేల నిండా. ఎటు చూసినా పచ్చటి గడ్డి. పెద్దమ్మ కారు దిగుతూనే కేకేసింది: "ఎవరూ గడ్డి తొక్కకండి! ఫైన్ వేస్తారు." అందరికన్నా ఎక్కువకాలం ఫారిన్‌లో ఉన్న మనిషి కదా, ఇంజనీర్లూ డాక్టర్లూ కిక్కురుమనకుండా పార్కింగ్ లాట్ అంచున తారు మీద దుప్పట్లు పరుచుకున్నారు. కింద కాలుతోంది, పైన మాడుతోంది. గడ్డి కోసే మెషీన్ మీద వచ్చినాయన బండి ఆపి, "ఇంత గడ్డి పెట్టుకుని రోడ్డు మీద తింటున్నారేం?" అని అడిగాడు.

"బోర్డు ఎక్కడుంది?" అంది పెద్దమ్మ.

"ఏ బోర్డు?"

"గడ్డి మీద కూర్చోవచ్చని."

పాపం ఆయన టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఏ పిక్నిక్‌కి వెళ్ళినా ఎవరో ఒక అంకుల్ "డాక్టరుగారూ, బోర్డు వచ్చిందాండీ?" అని ఏడిపించేవాడు. ఆవిడా అందరితో కలిసి నవ్వేది.

ఎనభైల మొదట్లో మా అమ్మమ్మ వచ్చింది. తాతయ్యని చివరిసారి చూసుకోలేకపోయిన పెద్దమ్మ, ఈసారి అమ్మని మాత్రం వదులుకోనని పట్టుపట్టి పిలిపించింది. వచ్చిన నెల తిరక్కుండానే అమ్మమ్మ వెళ్ళిపోతానంది. మంచివాళ్ళు కూతుళ్ళు, మంచివాళ్ళు అల్లుళ్ళు, కానీ ఏం లాభం? ఆవిడ గుంటూరులో సాయంత్రమైతే నాలుగు వీధులు నడిచి, కాళ్ళు నొప్పెడితే కనబడిన అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివాళ్ళతో ఓ గంట కబుర్లు చెప్పి వచ్చే మనిషి. ఇక్కడ అరుగులు లేవు. మా ఇంటి దగ్గర పార్కుంది, నడిచి వెళ్ళొచ్చు, కానీ వెళ్ళాక కూర్చోడానికి ఏమీ లేదు. బేస్‌బాల్ ఆడే మైదానం, రెండు ఉయ్యాలలు, అంతే. కింద కూర్చుంటే మోకాళ్ళతో లేవలేదు.

"ఇదేం పార్కే! నడిచినంతసేపు నడవాలి, తిరిగి వచ్చేయాలి. జైల్లో అయినా కూర్చోనిస్తారు. నా టికెట్ ముందుకి జరిపించు" అంది.

మా అమ్మ సరేనంది. పెద్దమ్మ మాత్రం, "నువ్వాగమ్మా. నెలరోజులు నాకు టైమియ్యి" అని, మర్నాడే అమ్మమ్మని వెంటబెట్టుకుని, ఇంగ్లీషు తప్పు పోతే సర్దడానికా అన్నట్టు నన్ను కూడా తీసుకుని, టౌన్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే చెప్పాడు: "డాక్టర్, ఇక్కడ కూర్చోవాలనుకునేవాళ్ళు కార్లో ఫోల్డింగ్ కుర్చీ తెచ్చుకుంటారు."

"మా అమ్మకి కారు రాదు. కుర్చీ నెత్తిన పెట్టుకుని రమ్మంటారా?"

అమ్మమ్మకి విషయం అర్థమైనట్టుంది. చీర మీద స్వెట్టరూ, కాళ్ళకి మా నాన్న తెల్ల స్నీకర్లూ వేసుకుని, అక్కడున్న కుర్చీలో ఇక లేవనన్నట్టు సర్దుకు కూర్చుంది. ఆయన ఆవిడ వైపు చూశాడు, పెద్దమ్మ వైపు చూశాడు. "బెంచీ మేమే ఇస్తాం. ఇంగ్లండ్‌లో అన్ని పార్కుల్లో అలాగే ఇస్తారు, ఇత్తడి రేకుతో సహా" అంది పెద్దమ్మ. ఆయన ఒప్పుకోక ఏం చేస్తాడు?

బెంచీ వచ్చింది. మేపుల్ చెట్టు కింద, ఉయ్యాలలు కనబడేట్టు వేశారు. మేమంతా పండక్కి వెళ్ళినట్టు వెళ్ళాం. ముందుగా రేకు చదివింది నేనే. చదివి గతుక్కుమన్నాను. "మా అమ్మ జ్ఞాపకార్థం. ఈ పార్కంటే ఆమెకి ప్రాణం" అని ఇంగ్లీషులో ఉంది. మిల్లుల ఊళ్ళో ఏళ్ళతరబడి చదివిన రేకుల మీద మాటలనే పెద్దమ్మ రేకు చెక్కేవాళ్ళకి అచ్చుగుద్దినట్టు ఫోన్‌లో చెప్పేసింది. బెంచీ మీద ఇంకేం రాస్తారు? మనవాళ్ళు గుడికి ఫ్యాన్ ఇస్తే రెక్కల మీద పేరు రాయించినట్టే ఇదీనని ఆవిడ ఉద్దేశం. డెత్ సర్టిఫికెట్ల మీద సంతకాలు చేసే మనిషికి, వాళ్ళ అమ్మ పక్కనే స్నీకర్లు వేసుకుని నిలబడి ఉందన్న సంగతి తట్టలేదు.

మా నాన్న నా వెనకనుంచి చదివి పక్కకి తిరిగాడు. భుజాలు ఎగురుతున్నాయి. మా అమ్మ మాత్రం మండిపడింది. "అక్కా! బతికున్న మనిషిని చంపేశావేంటే!"

పెద్దమ్మ మొహం పాలిపోయింది.  అంత నోరున్న మనిషి, తీసేయిస్తానని గొణిగింది.

"ఏం రాశారే?" అని అమ్మమ్మ నన్నడిగింది. దాచడం నాకు చేతకాలేదు, చెప్పేశాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆ రేకు వైపు చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"తీయించకే పిచ్చిదానా. చచ్చాక వేయిస్తే నాకేం ఒరుగుతుంది? బతికుండగానే కూర్చుంటాను" అని వెళ్ళి మధ్యలో కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. ఉయ్యాలల వైపు చూసింది. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

పెద్దమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. కాసేపటికి, అలవాటు ప్రకారం, బెంచీ ముందుకొచ్చి, "అమ్మా, కాస్త కూర్చుంటాం" అంది. అన్నేళ్ళలో ఆ మాటకి జవాబు రావడం అదే మొదటిసారి.

"కూర్చో, కూర్చో. ఎవరొద్దన్నారు?" అని అమ్మమ్మ కాస్త పక్కకి జరిగింది.

అప్పట్నుంచీ అదే వరస. రోజూ సాయంత్రం ఈవిడ అడగడం, ఆవిడ జరగడం. కుక్కల్ని తిప్పుకుంటూ వచ్చే అమెరికన్లు రేకు చదివి, మొహం జాలిగా పెట్టి, "మీ అమ్మగారి సంగతి చదివాం, చాలా బాధగా ఉంది" అనేవాళ్ళు. పెద్దమ్మ థాంక్యూ చెప్పి, "ఈవిడే మా అమ్మ" అని పరిచయం చేసేది. అమ్మమ్మ నమస్కారం పెట్టి చేగోడీ ఇచ్చేది. కొందరు భయంభయంగా తీసుకున్నారు. చాలామంది మర్నాడు మళ్ళీ వచ్చారు. గుంటూరు అరుగు ఎలా ఉండేదో నేను చూడలేదుగానీ, సాయంత్రాలు ఆ బెంచీ చుట్టూ చేరే జనాన్ని చూశాను. చీకటి పడుతుంటే పెద్దమ్మ లేచి, చప్పట్లు కొట్టి, "టైమైంది, పదండి" అని అందర్నీ తోలేది. పార్కు మూసేవాళ్ళూ లేరు, గంటా లేదు. అయినా అందరూ లేచేవాళ్ళు.

అమ్మమ్మ మాతోనే ఉండిపోయింది. ఎనభైల చివర్లో, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని పోయింది. పెద్దమ్మ కోరుకున్నది అదొక్కటే, అది దక్కింది. మర్నాటి నుంచి రేకు మీద మాట నిజమైంది. పెద్దమ్మ దాన్ని చింతపండుతో తోమి మెరిపించేది. మేం వెళ్ళి "అమ్మా, కాస్త కూర్చుంటాం" అంటే, అప్పటికే కూర్చుని ఉన్న పెద్దమ్మ పక్కకి జరిగి, "కూర్చో, కూర్చో. ఎవరొద్దన్నారు?" అనేది. అడిగినవాళ్ళకి జవాబు రాకుండా ఉండకూడదట. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ పని ఆవిడే చూసుకుంది.

అన్నీ అయిపోయాక మేం పార్కుకి వెళ్ళాం. అక్కా, నేనూ, మా అమ్మాయీ. దారిపొడుగునా నా గుబులంతా ఒక్కటే: ఇప్పుడు అడిగితే జవాబెవరు చెప్తారు? ఏళ్ళ తరబడి అడిగిన మాట గాల్లో కలిసిపోతే తట్టుకోగలనా? అడగకుండా కూర్చుందామనుకున్నాను. కానీ కాళ్ళు బెంచీ ముందు ఆగిపోయాయి.

"అమ్మా, కాస్త కూర్చుంటాం" అన్నాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. దాని తెలుగు అంతంతమాత్రం. సెలవుల్లో వాళ్ళ పెద్దమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల. అది నాకన్నా ముందే వెళ్ళి బెంచీ మధ్యలో కూర్చుని ఉంది. ఫోన్ జేబులో పెట్టుకుని, పక్కకి జరిగి, చేత్తో బెంచీ మీద రాలిన ఆకులు తుడిచి, అమెరికన్ యాసలో, ఒక్క మాట తప్పుపోకుండా అంది:

"కూర్చో, కూర్చో. ఎవరొద్దన్నారు?"