బస్టాండులో తెలియని పిల్ల

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని మా ఆయన అంటాడు. పుట్టుకతో రాలేదు, సంతలో వచ్చింది. పెనుకొండ దగ్గరి పల్లెలో మా నాయన గొర్రెల బేరాలు కుదిర్చేవాడు. చిన్నప్పుడు నన్నూ సంతకు వెంటబెట్టుకుపోయేవాడు. అక్కడ తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరమాడే వాళ్లు ఒకవైపు ఉంటే, ధర పైకి లాగడానికి కొనేవాళ్లలా నటిస్తూ తిరిగే దొంగ గిరాకీలు మరోవైపు ఉండేవాళ్లు. వాళ్లను ఎలా పసిగట్టాలో మా నాయన చెప్పాడు.

"తెలీనోళ్లు ఒకర్నొకరు ఎగాదిగా చూసుకుంటారు పాపా. తెలిసీ తెలీనట్ల నటించేటోళ్లే చూసుకోరు."

ఈ ఒక్క ముక్కతో జీవితంలో చాలామందిని పట్టుకున్నాను. కొందరిని అనవసరంగా కూడా పట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఇప్పుడు ధర్మవరంలో మాకొక చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. పట్టుచీరలు కొన్నవాళ్లు ఫాల్స్‌కీ లైనింగుకీ మా దగ్గరికి వస్తారు. మా ఒక్కగానొక్క కూతురికి హిందూపురంలో ఇంజినీరింగ్ సీటు వచ్చినప్పుడు మా ఆయన వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. ఆడపిల్లను హాస్టల్లో పెట్టడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. పోట్లాడి, అలిగి, అన్నం మానేసి నేనే ఒప్పించాను. ఒప్పుకుంటూ ఆయన ఒక మాటన్నాడు.

"దాని గురించి ఒక్క చెడ్డ మాట ఇనపడినా, ఆ పొద్దే పెట్టె సర్దించి పిల్చుకొచ్చేస్తా. మళ్ల నువ్వు నోరెత్తకూడదు."

అన్నంత పనీ చేసే మనిషి. అందుకే పిల్ల హాస్టల్లో చేరిన రోజు నుంచి దాని చదువు నా కొంగుకు ముడివేసుకున్నట్టే బతికాను.

రెండో ఏడాదిలో దాని ఫోన్ తేడాగా వినిపించడం మొదలైంది. సాయంత్రం చేస్తే ఒగరుస్తూ ఎత్తేది. వెనక మగపిల్లల గొంతులు వినిపించి టక్కున ఆగిపోయేవి.

"ఏమే, ఆయాసపడతాండావు?"

"మెట్లెక్కినా మా."

దాని గది కింద అంతస్తులోనే ఉంది. ట్రంకు పెట్టె మోసుకెళ్లి అక్కడ పెట్టింది నేనే. ఏ మెట్లెక్కినట్టు? అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెబుతుంది, అంతే కదా. ఆ తర్వాత, "శనివారం రావొద్దు మా, ల్యాబుండాది" అంది. రావొద్దని అది చెప్పడం అదే మొదటిసారి. శనివారం పొద్దున్నే, లైనింగ్ గుడ్డ చూసి వస్తానని మా ఆయనకు చెప్పి ప్యాసింజర్ రైలెక్కాను. బండి పెనుకొండ దాటేసరికి నా మనసులో ఒక కుర్రాడు, వాడికొక బైకు, గడ్డం కూడా తయారైపోయాయి.

హాస్టల్ దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు. "మీ పాపనా? బ్యాగేసుకొని బస్టాండుకు పోయినాది కదమ్మా" అన్నాడు. ఇంకేం కావాలి? ఆటో ఎక్కాను.

బస్టాండు కిటకిటలాడుతోంది. చిలమత్తూరు బస్సు దగ్గర తెలుగులో, పక్కనే కన్నడంలో కేకలు. స్తంభం పక్కన సిమెంటు బెంచీ మీద నా కూతురు కూర్చుని ఉంది. ఒళ్లో బాగా ఉబ్బిన బ్యాగు. అదే బెంచీకి ఆ చివర ఒక కుర్రాడు, వాడి ఒళ్లోనూ ఉబ్బిన బ్యాగే. ఎదురుగా బెంగళూరు బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరూ పొరపాటున కూడా ఒకరినొకరు చూసుకోవడం లేదు.

సంతలో మా నాయన చెప్పిన మాటే గుర్తొచ్చింది. ఆ కంగారులో మిగతావాళ్లను చూడలేదు. చూసి ఉంటే, అలా ఒకరినొకరు చూసుకోని వాళ్లు ఆ బస్టాండు నిండా ఉన్నారని తెలిసేది. నాకు కనబడింది ఆ ఇద్దరే. బస్సు కదిలిపోతే నేనొక్కదాన్ని ఏం చేయగలను? ఫోన్ తీసి మా ఆయనకు చేశాను.

"బిరీన రా. మన పాప ఎవనితోనో పోతాండాది. హిందూపురం బస్టాండులో ఉండాది."

"పట్టుకో. ఇడిసిపెట్టొద్దు. వస్తాండా" అన్నాడు.

వెళ్లి దాని ముందు నిలబడ్డాను. "ఏమే! యాడికి పోతాండావు?"

తలెత్తి చూసింది. కన్నార్పలేదు. పరాయి మనిషిని చూసినట్టు చూసి, "ఎవరు కావాలండీ మీకు?" అంది.

అండీ! లేచిపోతే పోయింది, కన్నతల్లిని ఎవరని అడుగుతుందా? ఇన్నేళ్లలో నన్ను అంత గట్టిగా ఎవరూ కొట్టలేదు. చెయ్యెత్తాను కూడా. సరిగ్గా అప్పుడే ఎక్కడో తప్పెట మోగింది.

బెంచీ చివరి కుర్రాడు లేచి చిందేశాడు. టికెట్ల వరసలో నిలబడ్డ అమ్మాయి వచ్చి కలిసింది. పేపరు చదువుతున్నవాడు పేపరు పారేసి వచ్చాడు. నా కూతురు నన్ను దాటుకుని వాళ్ల మధ్యలోకి దూకింది. నాలుగు వైపుల నుంచి పిల్లలు వస్తూనే ఉన్నారు. నా పక్కనున్న ఆమె గభాల్న మెళ్లో గొలుసు పట్టుకుంది. బజ్జీలాయన పళ్లెం మీద గుడ్డ కప్పేశాడు. బస్టాండు కంట్రోలర్ విజిలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. అందరిదీ నా బుద్ధే, ఎవరూ నమ్మలేదు.

ఉన్నట్టుండి స్పీకర్‌లో బండి బ్రేకు కీచుమంది. పిల్లలందరూ ఒక్కసారిగా కిందపడిపోయారు. కదల్లేదు. నా కూతురు మట్టిలో చెంప ఆనించి, చెయ్యి మెలిపెట్టుకుని పడుంది. నాటకమని అప్పటికి నాకు అర్థమైంది, అయినా గుండెకు ఎక్కలేదు. లే అమ్మా, లే అని లోపల అరుస్తున్నాను. ఎవరితోనో పోయినా పర్వాలేదు, లేస్తే చాలనుకున్నాను. ఒక ముసలావిడ "అయ్యో బిడ్డలారా" అని నిజంగానే ఏడ్చింది.

పిల్లలు మెల్లగా లేచి, ఉబ్బిన బ్యాగుల్లోంచి హెల్మెట్లు తీసి పెట్టుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. ప్రతివాళ్లూ ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు.

నా కూతురు హెల్మెట్ తీసి నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "మా! తప్పెట మోగేదాకా ఎవరు పలకరించినా తెలీనట్ల ఉండాలని రూలు మా. నువ్వు యాడ చెడగొడతావో అని నా ప్రాణం పోయింది. హెల్మెట్ పెట్టుకోమని జనానికి చెప్పేదానికి ఇట్ల ఉన్నట్టుండి ఆడతారు, ఫ్లాష్ మాబ్ అంటారు దీన్ని. నెల నుంచి ప్రాక్టీసు."

"నన్ను పట్టుకోని అండీ అంటావా?" అని జబ్బ మీద గట్టిగా గిల్లాను. మళ్లీ దగ్గరికి లాక్కున్నాను. లాక్కుంటూనే, "ఆ బెంచీ పిల్లోడు ఎవడు?" అని అడిగాను.

"వాడా? వానికి స్టెప్పులే రావు మా!"

నమ్మాలా వద్దా అని తేల్చుకునేలోపు ఫోన్ మోగింది. మా ఆయన.

"బస్సెక్కినా. పట్టుకున్నావా?"

నిజం చెప్పొచ్చు. కానీ బస్టాండులో, వందమంది ముందు, మగపిల్లలతో కలిసి చిందేసి మట్టిలో పొర్లిందని చెబితే, లేచిపోవడానికీ దానికీ ఆయన లెక్కలో పెద్ద తేడా ఉండదు. ఆ పొద్దే పెట్టె సర్దిస్తాడు. పిల్ల చెంప మీద ఇంకా మట్టి ఉంది.

"దిగిపో. అది మన పాప కాదు" అన్నాను.

"కాదా?"

"ఎవరో పిల్ల. మన పాప మాదిరే ఉంటే బెదురుకున్నా."

"కన్న కూతుర్ని గుర్తుపట్టలేవా నువ్వు?"

"పట్టలేకపోయినా."

"మరి పాప యాడుండాది?"

"కాలేజీలో. ల్యాబుండాదంట. ఇప్పుడే వాచ్‌మన్‌ను అడిగినా."

"కండ్లు చూపించుకో పో" అని పెట్టేశాడు.

నా కూతురు అంతా వింది. దాని నవ్వు ఆగిపోయింది.

"ఎంత బాగా చెప్పినావు మా! ఒక్క మాట కూడా తడుముకోలేదే."

"నీ చదువు కోసరమే" అన్నాను. నాకు కొంచెం గర్వంగానే ఉంది. అది మాత్రం మెచ్చుకోలుగా చూడలేదు. చెంప మీది మట్టి తుడుచుకుంటూ, నా ముఖంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

ఆ వీడియో మా ఆయన కంటపడలేదు, లేక పడినా ఆయన అడగలేదు. పిల్ల ఇప్పుడు చివరి ఏడాదిలో ఉంది, హాస్టల్లోనే ఉంది. నేను గెలిచాను. కానీ ఈమధ్య ఫోన్ చేసి, అందరం బాగున్నామని, నాయనకు దగ్గు తగ్గిందని చెబుతానా, "నిజంగానా మా?" అని అడుగుతుంది.

నిజంగానే అంటాను. అది నమ్మదు.