వద్దంటే ఆగిన సూది

2023 వానాకాలం. గోదావరి ఒడ్డున ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక ఒక తల్లి ఇరవై రెండేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆత్రేయపురం వైపు వాళ్ళు. ఆ అమ్మాయిని పద్మ అందాం, అసలు పేరు కాదు. పూతరేకులు తీసే పని. ముందురోజు పని నుంచి వస్తుంటే తెలిసినవాడే బలాత్కారం చేశాడని తల్లి నా చెవిలో చెప్పింది.

“తలంటు పోసి తీసుకొచ్చానండి. ఏదో మందిచ్చి పంపేయండి సిస్టరుగారూ. ఊళ్ళో తెలిస్తే ఇంకేమన్నా ఉందా?”

పద్మ కమిలిన మణికట్టుని చున్నీ కింద దాచుకుంది. నాకు వాడి మీద ఒళ్ళు మండిపోయింది.

“స్నానం చేయించినా ఫర్వాలేదండి. కేసు పెట్టాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. వైద్యం మాత్రం ఇప్పుడే మొదలవ్వాలి,” అన్నాను.

డ్యూటీ డాక్టరుగారికి చెబితే గర్భం రాకుండా మాత్ర, దాంతోపాటు పెప్ రాశారు. పెప్ అంటే హెచ్.ఐ.వి. సోకకుండా వాడే మందులు. డెబ్భై రెండు గంటలు దాటితే లాభం ఉండదు. పద్మ ఇప్పుడు లేచి వెళ్ళిపోతే మళ్ళీ వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

రక్తం తీద్దామని రబ్బరు పట్టీ కట్టాను. సిర దొరికింది. సూది దగ్గరికి తెచ్చేసరికి పద్మ “వద్దు” అని చెయ్యి లాక్కుంది. తల్లి గబుక్కున ఆ చెయ్యి పట్టేసింది.

“నేను పట్టుకుంటాను, మీరు గుచ్చేయండి. ఒక్క నిమిషమేగా!”

మా దగ్గర ఇది రోజూ జరిగేదే. ఏం కాదు, అయిపోయిందంటూ పని కానిచ్చేస్తాం. కానీ తల్లి వేళ్ళు పడ్డది సరిగ్గా ముందురోజు కమిలిన మణికట్టు మీద.

“చెయ్యి వదలండి!” అని అరిచాను. పట్టీ విప్పి సూది ట్రేలో పెట్టేశాను.

“వద్దన్నావుగా, ఆపేశాను. రక్తపరీక్ష కోసం మాత్రలు ఆపక్కర్లేదమ్మా, డాక్టరుగారు రాసేశారు. వేసుకుంటావా?”

పద్మ ట్రే వంక చూసింది. “నేను వద్దంటే ఆపేస్తారాండీ?”

“ఎన్నిసార్లంటే అన్నిసార్లు.”

అప్పుడు ఏడ్చింది, గొంతు విప్పి. తర్వాత తనే గ్లాసు అందుకుని మాత్రలు వేసుకుంది. డాక్టరుగారి పరీక్షకీ ఒప్పుకుంది. ఒకచోట వద్దంది, అక్కడితో ఆపేశాం.

రమ్మన్న రోజుకి ఇద్దరూ వచ్చారు. తల్లి అలవాటుగా చెయ్యి పట్టుకోబోయింది.

“ఉండమ్మా,” అంది పద్మ. తనే చుడీదారు చేతిని పైకి లాక్కుని బల్ల మీద చెయ్యి చాపింది. “ఇప్పుడు తియ్యండి.”

కొత్తగా చేరే నర్సులకి అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను. సిర దొరికినా సరే, వద్దంటే సూది పక్కన పెట్టండి, కాసేపాగి మళ్ళీ అడగండి. ఆ మాత్రం ఓపిక లేకపోతే మనకీ ఉద్యోగం ఎందుకు?