ఇస్రాయేలు ఆఖరి తర్జుమా

ఇస్రాయేలు తర్జుమా చేసేటప్పుడు ఇంగ్లీషు మాటకూ తెలుగు మాటకూ నడుమ ఒక చిన్న ఎడం ఉండేది. కొత్తవాళ్ళు ఆయనకు మాట తోచక ఆగాడనుకునేవాళ్ళు. మానవపాడు చుట్టుపక్కల సువార్త సభలకు అలవాటు పడ్డ జనం మాత్రం ఓపిగ్గా చూసేవాళ్ళు. పక్కనున్న దైవజనుడు 'లుక్డ్' అన్నాడంటే ఇస్రాయేలు నోరు తెరవడు. దాని వెనక తోక రావాలి. 'ఎట్' వస్తే చూసినట్టు, 'ఫర్' వస్తే వెతికినట్టు, 'ఆఫ్టర్' వస్తే సాకినట్టు. తోక రాకముందే ఎగబడేవాడు తన నాలుక తనే కరుచుకుంటాడని అందరి ముందూ అనేవాడు. స్టీఫెన్ వినాలనే అనేవాడు. స్టీఫెన్ బైబిల్ కాలేజీలో చదివి వచ్చిన కుర్ర తర్జుమాదారు. గొంతు బాగుంటుంది, ఆగకుండా దంచుతాడు, పడుచువాళ్ళకు అదే నచ్చుతుంది. రెండేళ్ళుగా ఒక్కో సభా స్టీఫెన్ చేతిలోకి జారుతూ వచ్చింది. ఇస్రాయేలుకు మిగిలిన పెద్ద సభ నాగర్‌కర్నూలుది ఒక్కటే.

ఆయన ఇంగ్లీషు బడిలో నేర్చింది కాదు. అమ్మానాయినలు ఆనకట్టల పనికి వలసపోతూ ఒక మిషన్ హాస్టల్ వంటింట్లో వదిలిపెట్టి పోయారు. అక్కడి వార్డెనమ్మ కేరళ మనిషి. సాయంత్రం ఎవరొచ్చినా ఆనాటి సంగతులన్నీ ఇంగ్లీషులో చెప్పేది. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు జ్వరంతో పడ్డారు. అన్నీ జరిగిపోయిన సంగతులే. చాయ్ గ్లాసులు అందిస్తూ ఇస్రాయేలు విన్నాడు. పుస్తకంలో ఉండేది ఒకటి, మనుషులు అనేది ఒకటి అని అక్కడే అర్థమైంది. బడి సారు 'డిస్కస్డ్ అబౌట్' అంటే వార్డెనమ్మ 'టాక్డ్ అబౌట్' అనేది. ఏ మాట ఏ తోకతో తిరుగుతుందో చెవితోనే పట్టుకున్నాడు.

కూతురు రజితకూ అట్లాగే నేర్పాడు. బడికి సైకిలు మీద తీసుకుపోతూ 'వెయిటెడ్' అనేవాడు, వెనక నుంచి ఆ పిల్ల 'ఫర్' అనాలి. 'లాఫ్డ్' అంటే 'ఎట్'. తప్పితే వెనక్కి తిరక్కుండానే మొట్టికాయ వేసేవాడు. భార్య కాంతమ్మ అదేదో పాట అనుకునేది.

కాంతమ్మ పత్తి విత్తనాల చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని చేసేది, ఆ కాలం అయిపోతే మిరప కోతకు పోయేది. ఇల్లు ఆమె చేతుల మీదనే నడిచింది. ఆయన తెల్లబట్టలు ఉతికి, కాలరుకు గంజి పెట్టి, సంచిలో మడిచి ఇచ్చేది. ఈసారికి ఉండిపోరాదా అని అడిగేది. దేవుని పనికి అడ్డం రావద్దని ఆయన గద్దించేవాడు. అది దేవుని పనే అని ఆయన నమ్మాడు కూడా. అయితే వేదిక మీద మైకు ముందు నిలబడ్డప్పుడు కలిగే సుఖం ఆయనకు ఇంటి గడపలో ఎన్నడూ కలగలేదు.

నాగర్‌కర్నూలుకు ముందు పాన్‌గల్‌లో చిన్న సభలు జరుగుతుండగా కాంతమ్మ మిరపచేనులో కూలబడింది. ఊపిరి అందడం లేదని కూలీలు ఆటోలో గద్వాల దవాఖానకు చేర్చారు. హైదరాబాదులో నర్సుగా చేస్తున్న రజిత వచ్చి ఫోను చేసేసరికి ఇస్రాయేలు వేదిక మీద ఉన్నాడు. కేరళ నుంచి వచ్చిన పెద్ద పాస్టరు అప్పుడే వాక్యం మొదలుపెట్టాడు. ఇస్రాయేలు పక్కకు జరిగి, ప్రార్థన చేస్తాం, భయపడకు అని ఫోను పెట్టేశాడు. ముందు వరసలో స్టీఫెన్ కూర్చుని ఉన్నాడు. మైకు అతని చేతికిచ్చి బస్సెక్కవచ్చు. కానీ నడుమ దిగిపోయినవాడికి నాగర్‌కర్నూలు ఇవ్వరు. ఆ సంగతి ఇస్రాయేలుకు తెలుసు. వాక్యం చివరిదాకా చెప్పి, భోజనం కూడా చేసి, తెల్లవారి బయలుదేరాడు. కాంతమ్మ ముందు రాత్రే పోయింది.

భూస్థాపనకు, ఈ సభలన్నీ నడిపే పాస్టరు డేవిడ్ కేరళ అతిథిని వెంటబెట్టుకొచ్చాడు. సంఘం మొత్తం వచ్చింది. ప్రార్థన అయ్యాక తల్లిని గురించి సాక్ష్యం చెప్పమని డేవిడ్ రజితను పిలిచాడు. రజిత శవపెట్టె పక్కన నిలబడి, దూరం నుంచి వచ్చిన పెద్దాయనకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషులో చెప్తానంది.

"మీకందరికి మా నాయిన తెలుగుల చెప్తడు" అంది.

జనం మెచ్చుకోలుగా తలలూపారు. స్టీఫెన్ లేవబోయాడు, భార్య పోయిన మనిషితో ఎందుకని. ఇస్రాయేలు చెయ్యి అడ్డం పెట్టి తనే వచ్చి కూతురి పక్కన నిలబడ్డాడు. మాట్లాడే మనిషి 'నేను' అంటే తర్జుమా చేసేవాడూ 'నేను' అనాలి, అది ఈ పనిలో మొదటి నియమం. కాబట్టి ఇప్పుడు ఆయన రజిత.

"మై మదర్ లుక్డ్ ఆఫ్టర్ మై ఫాదర్."

ఎడం. "మా అమ్మ మా నాయినను సాకింది."

"హీ లివ్డ్ ఆఫ్ హర్."

ఇస్రాయేలు ఆగాడు. జనం ఎప్పటిలాగే ఎదురుచూశారు. "మా నాయిన మా అమ్మతోని బతికిండు" అన్నాడు.

రజిత ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నేను 'విత్' అనలే నాయినా, 'ఆఫ్' అన్న. సైకిల్ మీద నువ్వే నేర్పినవ్. మల్ల చెప్పు."

స్టీఫెన్ తల దించుకున్నాడు. అతనికి అర్థమైందని ఇస్రాయేలుకు కనబడింది. ఇక తప్పు చెప్పినా లాభం లేదు.

"మా నాయిన మా అమ్మ కష్టం మీద పడి బతికిండు."

ఆడవాళ్ళలో గుసగుస మొదలైంది. రజిత ఆపలేదు. తల్లి పడిపోయిందని ఫోను చేస్తే తన మాట పూర్తికాకముందే పెట్టేశాడని చెప్పింది. అదే మాట ఇస్రాయేలు చెప్పాడు. మైకు ఇవ్వడానికి మనిషి ఎదుటనే ఉన్నా ఇవ్వలేదని చెప్పింది. అదీ చెప్పాడు. మా నాయిన, మా నాయిన అంటూ తన నోటితో తననే జనం ముందు పెట్టాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. నాలుగో మాటకో ఐదో మాటకో ఆయనకు ఒక సంగతి తెలిసివచ్చింది. కూతురి ఇంగ్లీషు బాగుంది. ఒక్క తోకా తప్పిపోవడం లేదు. దానికి సరైన తెలుగు వెతుకుతుంటే లోపల ఆ పాత సుఖమే మెల్లగా లేస్తున్నది, పెళ్ళాం పెట్టె కాళ్ళ దగ్గర ఉండగానే.

"షీ ఆస్క్డ్ ఫర్ వాటర్" అంది రజిత. "షీ ఆస్క్డ్ ఆఫ్టర్ ద బఫెలో. షీ డిడ్ నాట్ ఆస్క్ ఫర్ హిమ్."

ఆయన మూడూ పూర్తిగా విని, ఒక్కొక్కటీ వేరుగా అన్నాడు. "నీళ్ళు కావాలని అడిగింది. బర్రె బాగున్నదా అని అడిగింది. ఆయనను పిలవమని మాత్రం అడగలె."

అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ తృప్తి మొహంలోకి వచ్చిందేమో, రజిత చూసింది. చాలాసేపు చూసింది.

"మస్తు చెప్పినవ్ నాయినా" అని పక్కకు వెళ్ళిపోయింది.

మట్టి వేయడం అయ్యాక కేరళ పాస్టరు ఇస్రాయేలు రెండు చేతులూ పట్టుకుని, ఇంత దుఃఖంలోనూ దేవుడు నిన్ను వాడుకున్నాడని ఇంగ్లీషులో ఏడ్చాడు. జనం దగ్గరికి రాలేదు. కాంతమ్మతో క్రాసింగుకు పోయే ఆడవాళ్ళు ఆయన పక్కనుంచే మొహం తిప్పుకుని నడిచారు.

అందరూ పోయాక డేవిడ్ వచ్చాడు. చాలాసేపు చెప్పులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఇస్రాయేలన్నా, రేపు నాగర్‌కర్నూలుకు స్టీఫెన్‌ను తోల్కపోత."

"నేను ఒక్క మాట తప్పు చెప్పిన్నా అయ్యగారూ?"

"తప్పు చెప్తె బాగుండు. నీ సంగతి నీ నోటితోనే విన్నరు. ఇగ అదే నోటితోని వాక్యం చెప్తె ఎవరు కూసుంటరు?"

డేవిడ్ జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఇంటికి నడిచి వచ్చేసరికి రజిత బర్రెకు గడ్డి వేస్తున్నది. అయ్యగారు ఏమన్నాడని అడిగింది. రేపు నాగర్‌కర్నూలుకు రావద్దన్నాడని చెప్పాడు.

"అయితె ఇంట్లనే ఉంటవన్నట్టు" అంది రజిత. చేతులకంటిన గడ్డి దులుపుకుంది. "అమ్మ ఇన్నేండ్ల సంది అడిగిందదొక్కటే. జర ముందుగాల అయ్యగారు రావద్దంటె అయిపోతుండె."

గంప తీసుకుని లోపలికి పోయింది. ఆయన సంచి ఇంకా గుమ్మం పక్కనే ఉంది, పాన్‌గల్ నుంచి తెచ్చినట్టే. అందులో మాసిన తెల్లబట్టలు ఉన్నాయి. వాటిని ఎవరు ఉతుకుతారని ఆయన అడగబోయి, ఊరుకున్నాడు.