పని మిగల్చని వాకిలి

నా భార్య ఈ తొలకరిలో, ఖమ్మం దవాఖానాలో చనిపోయింది. క్యాన్సర్. ఆ సంగతి నాకు పదకొండు రోజుల ముందు తెలిసింది. ఆమెకు ఏడాదిన్నర ముందే తెలుసు. ఈ తేడాను నేనింకా క్షమించలేదు. మన చర్చి పత్రికకు ఆమె మంచితనం గురించి రాయమన్నారు. దాని గురించే రాస్తున్నాను, కోపంగానే.

ఆమె నర్సు. భద్రాచలం వైపు అడవి పల్లెల్లో తిరిగి తిరిగి, చివరి పదేళ్ళు సత్తుపల్లి దగ్గర పనిచేసింది. మీలో చాలామంది ఆమె చేతి సూది పొడిపించుకున్నవాళ్ళే. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మా ఇల్లు ఊరి చివర గుట్ట వాలు మీద ఉంటుంది. గడప నుంచి గేటు దాకా ముందు జాగా అంతా ఏటవాలే. వాన పడ్డప్పుడల్లా ఎర్రమట్టి గేటు దగ్గరికి జారేది. ఆమె తట్టతో మళ్ళీ పైకి మోసేది. గడప పక్కన పాతికేళ్ళ మల్లెపొద ఉండేది. దానికి రోజూ గేటు దగ్గరి బోరింగు నుంచి నీళ్ళు మోసేది.

వాలుతలం మీద బలాల గురించి ముప్పై ఏళ్ళు బోర్డు మీద బొమ్మలు గీసినవాణ్ణి. ఆ ధీమాతో గేటు పక్కన సిమెంటు గోడ కట్టించాను. నీళ్ళు పోవడానికి కన్నాలు పెట్టించలేదు. మొదటి ముసురుకే వెనకాల నీళ్ళు నిలిచి, గోడ రోడ్డు మీద బోర్లా పడింది. ఆమె గొడుగు పట్టుకొని వచ్చి చూసింది.

"గోడ మంచిగనే కట్టిచ్చిన్రు. పాపం, నీళ్ళకే చదువు రాలె," అన్నది.

కిందటేడు ఉన్నట్టుండి మేస్త్రిని పిలిపించింది. అడవి పల్లెల్లో వాలు చేలకు అడ్డంగా రాళ్ళు పేర్చడం చూసి ఉన్నది. అట్లాగే సిమెంటు లేకుండా రాతి వరసలు పేర్పించి, వాలును నాలుగు అరుగులుగా చేసింది. వానకు నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి పోతాయి, మట్టి ఆగుతుంది. అంచుల్లో వట్టివేరు గడ్డి, లోపల కలబంద, నిమ్మగడ్డి, నందివర్ధనం. కలుపు రాకుండా మొక్కల మధ్య ఎండుటాకులు మందంగా పరిచింది. మధ్యలో మెట్లు.

రెండు విషయాల్లో గొడవపడ్డాను. ఒకటి మెట్లు.

"ఏంది ఈ మెట్లు? అంగన్‌వాడీ పిల్లలకా? ఆరంగుళాలన్నా ఉండాలె."

"మీ మోకాలిని అడిగి చెప్తున్నరా?"

రెండోది మల్లె. మొదలంటా తవ్వించి పక్కింటి చెల్లెమ్మకు ఇచ్చేసింది.

"ఎవర్నడిగి పీకిచ్చినవ్?"

"రోజూ నీళ్ళెవరు మోస్తరండీ?"

"నువ్వు మోస్తలేవా?"

 మేస్త్రి తల వంచుకొని రాయి సర్దుకున్నాడు. వారం రోజులు నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమెకు మిగిలిన వారాల్లో ఒకటి అట్లా పోయింది.

ఆమె పోయాక మా ఇంట్లో ప్రార్థన పెట్టిన ఆదరణ కూడిక నాడు, నాతో పనిచేసిన లెక్చరర్ ఒకాయన వాకిలంతా కలియజూసి, "ఇగ మీకు పనే లేదు సార్, నిమ్మళంగ కూసోవచ్చు," అన్నాడు. టీ గ్లాసు రాతి వరస మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. మేస్త్రి నా వెనకే వచ్చాడు.

"సార్, అమ్మకు రోగం సంగతి అప్పుడే ఎరుక. 'రేపు సార్ ఒక్కడే దిగాలె, ఎత్తు పెట్టకు' అని మెట్టు మెట్టు కొలిపిచ్చింది. మీకు జెప్పొద్దన్నది."

"ఇన్నాళ్ళు! ఒక్కనాడన్న చెప్పాలనిపించలేదా నీకు?"

"అనిపిచ్చింది సార్. అమ్మ మాట దాటే ధైర్యం జాలలే."

రోగి దగ్గర నిజం దాచొద్దని కొత్త నర్సులకు చెప్పిన మనిషి, మొగుడి దగ్గర దాచింది. చెల్లెల్ని చూసొస్తానని నెలనెలా ఖమ్మం పోయేది. నేనే బస్సెక్కించేవాణ్ణి. ఆమెకు కొత్తగా కొనిచ్చిన సెల్‌ఫోనుకు చేసి, సీటు దొరికిందా అని అడిగేవాణ్ణి. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆమె మీద ఎంత కోపముందో, నా మీద అంతకంటే ఎక్కువ ఉన్నది.

ఈ వానాకాలమంతా వాకిట్లో నిలబడి చూశాను. పిడికెడు మట్టి జారలేదు. పార పట్టుకొని కలుపు కోసం వెతికాను. లేదు. ఆమె చేసిన చోట నేను చేయడానికి ఏమీ లేదు.

పక్కింటికి వెళ్ళి మల్లె అంటు అడిగాను. చెల్లెమ్మ నవ్వబోయి ఆగింది.

"'సారు అడిగితే ఇయ్యకు, నీళ్ళు మోస్తనని మొండికేస్తడు' అన్నదన్నా వదిన."

"ఇస్తవా, ఇయ్యవా?"

"తీస్కపో అన్నా," అంటూ కళ్ళు తుడుచుకుంది.

పాత గుంతలోనే, గడప పక్కన నాటాను. వానలు ఆగిన రోజు నుంచి పొద్దున్నే బకెట్టుతో బోరింగు దగ్గరికి దిగుతున్నాను. ఆ మెట్లు నా మోకాలికి సరిగ్గా సరిపోతాయి. దానికీ కోపమొస్తుంది. ఎక్కేటప్పుడు బకెట్టు తొణుకుతుంది. నీళ్ళు పోసి వెనక్కి తిరిగితే, గేటు నుంచి మల్లె దాకా ప్రతి మెట్టు మీదా తడి.