డాబా మీది రాగితీగ

లింగంపల్లిలో మేం అద్దెకున్న ఇంటి డాబా మీద నేను రాగితీగ కట్టిన రోజే ఓనరు ముఖం మారిపోయింది. నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప పైపు నిలబెట్టి, దాని కొస నుంచి తీగను రెండు వైపులా వాలుగా దించి, పిట్టగోడ మూలల్లో పింగాణీ ముక్కలతో బిగించాను. హామ్ రేడియోకు అదే యాంటెన్నా. లైసెన్సు ఉన్నవాళ్లం ఇళ్లలో కూర్చుని, మీట టకటకా నొక్కి మోర్సు సంకేతాలతో, ముఖం తెలియని వాళ్లతో మాట్లాడుకునే సరదా అది. ఆయనకు నా లైసెన్సు చూపిస్తే వెలుతురుకు అడ్డంపెట్టి మరీ చూశాడు.

"గా టక్కుటక్కు ఏంది సారు? ఎవలికి పంపుతున్నరు?"

"నాలాంటి వాళ్లకేనండి. అక్కడ వాన పడుతోందా, ఒంట్లో బాగుందా, ఇవే."

"వాన సంగతి అడగనీకె గింత తీగనా?"

నా ఉద్యోగం మాదాపూర్‌లో కొత్తగా లేచిన కంప్యూటర్ ఆఫీసుల్లో. అక్కడి గుట్టంతా ఆ తీగ మీదుగా దేశం దాటుతోందని ఓనరు అన్న మాట కిరాణా కొట్టు దాకా పోయింది. ఒళ్లు మండింది నాకు. అమ్ముకోదగ్గ గుట్టే నా దగ్గరుంటే, కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఆ ఇంట్లో ఎందుకుంటాను?

ఆ తర్వాత టీవీ గొడవ మొదలైంది. నేను మీట నొక్కినప్పుడల్లా కింది పోర్షన్‌లో ఓనరు వాళ్ల టీవీలో అడ్డగీతలు పడుతున్నాయట. నెలాఖరులోగా తీగ తీసెయ్యాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి అన్నాడు. మా ఆవిడ నర్సు. ఆమె ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దగ్గరలో మాకు దొరికిన ఇల్లు అదొక్కటే. తీగో ఇల్లో తేల్చుకోమంది. నాకు రెండూ కావాలి.

ఆమెను కింద టీవీ ముందు కూర్చోబెట్టి పైనుంచి మీట నొక్కేవాణ్ణి. "వచ్చాయండీ", "పోయాయండీ" అని మెట్ల మీది నుంచి కేకేసేది. పవర్ తగ్గించాను. తీగను కాస్త జరిపాను. గీతలు సన్నబడ్డాయే గాని పోలేదు. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ తీగ కిందే ఉన్న మా టీవీలో ఒక్క గీతా లేదు. ఆయన టీవీ వెనక ఓసారి చూస్తానంటే అడ్డం నిలబడ్డాడు.

"ఎనక వైర్లు ముట్టకుండ్రి సారు. డాబా మీద పనుంటే నన్ను పిలువుండ్రి, నేనొస్త."

వచ్చేవాడు కూడా. వచ్చి ఎప్పుడూ ట్యాంకు వెనకే నిలబడేవాడు. అంత ఎండలో, నీడ ఇటువైపు పెట్టుకుని, అటెందుకు నిలబడతాడా అని నాకు అనుమానం పట్టుకుంది.

ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ పెళ్లికని శంకర్‌పల్లి వెళ్లారు. నేను నేరుగా ట్యాంకు వెనక్కి వెళ్లాను. అక్కడొక గోనెసంచి ఉంది. ఎత్తి చూస్తే, మా డాబా మీదుగా పక్కింటికి వెళ్లే కేబుల్ టీవీ తీగ. దాని తోలు బ్లేడుతో ఒలిచి, దానికి ఇంకో తీగ చేత్తో మెలేసి, పైన పాలప్యాకెట్ కవరు చుట్టి ఉంది. ఆ రెండో తీగ గోడ వెంట జారి ఓనరు కిటికీలోకి దూరింది. తోలులేని ఆ ముడిలోంచే నా రేడియో ఆయన టీవీలోకి వెళుతోంది. నన్ను గూఢచారి అన్న పెద్దమనిషి పక్కింటి కేబుల్ దొంగిలించి చూస్తున్నాడు!

పక్కింటికి చెప్తే ఇల్లు పోతుంది. ఊరుకుంటే తీగ పోతుంది. అందుకని ఆ ముడి విప్పి, శుభ్రంగా గీకి, టంకం పెట్టి అతికించి, నల్ల టేపు గట్టిగా చుట్టి, గోనెసంచి కప్పేశాను. ఆ సాయంత్రం వాళ్లు తిరిగొచ్చి టీవీ పెట్టుకున్నాక మీట నొక్కాను. గీతల్లేవని కింది నుంచి మా ఆవిడే ఉత్సాహంగా చెప్పింది. నాకు పండగలా అనిపించింది.

ఓనరు కాసేపు టీవీకేసి చూసి, లేచి డాబా ఎక్కాడు. గోనెసంచి ఎత్తి ఉంటాడు. దిగి మా గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఆయన ముఖంలో రంగు లేదు.

"పిచ్చర్ సాఫ్‌గ వస్తున్నది సారు. మీ తీగతోని పరేషాన్ లేదు ఇగ."

"అయితే మేం ఉండొచ్చు కదండీ?"

ఆయన నా వైపు చూడలేదు.

"నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి. మా బిడ్డ అత్తగారింటి నుంచి వస్తున్నది, పైపోర్షన్ గామెకు కావాలె."

ఆ దంపతులకు పిల్లల్లేరు.