ఐదో అడుగు

మా డాన్స్ టీచర్ పోయారని మొన్న మంగళవారం పొద్దున వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. గుండె ఆగింది" అన్నాడు. నా నోట మొదట వచ్చిన మాట మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది: "మరి ఆదివారం క్లాసెట్ల?"

ఆమె హైదరాబాదులో, బెంగళూరులో ఆధునిక నృత్యం నేర్చుకుని, నల్లగొండకు తిరిగొచ్చి, ఒక విత్తనాల దుకాణం పైన హాలు కిరాయికి తీసుకున్నారు. గజ్జెలు కట్టించేవారు కాదు. పాట కూడా అడుగులన్నీ కుదిరాక చివర్లోనే పెట్టేవారు. పత్తి ఏరే కూలీలు నడుం ఎలా వంచుతారో, ఈనిన గొర్రెను ఎలా లేపుతారో చూసి రమ్మనేవారు. "సూపెట్టుడు గాదు, చేయుండ్రి" అనేవారు.

మా ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడు నా మోకాళ్లను వంచేసింది. పద్నాలుగేళ్లప్పుడు చెల్లెల్ని క్లాసులో దింపి మెట్ల మీద కూర్చునేదాన్ని. ఒకరోజు లోపలికి పిలిచారు.

"నా కాళ్లు వంకర టీచర్."

"ఎరికే. గవి ఎట్ల నడుస్తయో గట్లనే నడువు. ఆగితే ఆగు. ఆగుడు గూడ ఆటనే."

ఆరు నెలలకు నా కోసమే ఒక ఆట కూర్చారు. ప్రదర్శనకు ముందురోజు, గొర్రెలు కాసే మా బాపు వచ్చి బతిమాలాడు: "జనం నవ్వుతరు టీచరమ్మా. బిడ్డ తట్టుకోదు."

టీచర్ ఏం కాదంటారనుకున్నాను. "నాకు గూడ భయమే అన్నా. రెండు దినాల సంది ముద్ద దిగుతలేదు" అని నా వైపు తిరిగారు. "నువ్వే చెప్పు." చేస్తానని తల ఊపాను.

వేదిక మీద నాలుగడుగులు వేశానో లేదో, ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కాళ్లు ఆగిపోయాయి. తెర పక్కనున్న టీచర్‌ను చూశాను. ఆమె సైగ చేయలేదు, వెనక్కి రమ్మనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. ఆ నవ్వు అయిపోయేదాకా నేనూ నిలబడ్డాను. అప్పుడు ఐదో అడుగు వేశాను. ఆట పూర్తిచేశాను. బాపు చప్పట్లు కొట్టలేదు. తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాం. ప్రతిసారీ ఆట మొదలయ్యే ముందు ఆమె చేతులు చల్లబడేవి. పోయిన నెల నన్ను క్లాసు చెప్పమన్నారు. "నాకు రాదు టీచర్" అంటే, "నాకెన్నడొచ్చింది? పిల్లలను సూడు, గంతే" అన్నారు.

ఆదివారం హాలు తెరిచాను. టీచర్ కూరుస్తున్న కొత్త ఆట సగం వరకే అయింది. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది మంది పిల్లలూ నేర్చుకున్నంత వరకు చేసి ఆగారు. ఒక కాలు నేల మీద, ఒక కాలు గాల్లో. వణుకుతూ, పడిపోకుండా, తర్వాతి అడుగు కోసం నా వైపే చూస్తున్నారు.